మాయా రాతలో జంతువుల తలలు: నా కార్డుల డైరీ

జూన్ 8, ఆదివారం

ఇంట్లో పాత శుభలేఖలు ఒక సంచి నిండా ఉన్నాయి. అట్ట మందంగా, వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి పారేయబుద్ధి కాలేదు. ఇవాళ వాటిని అరచేతిలో పట్టేంత ముక్కలుగా కోశాను. లెక్కపెడితే 40 వచ్చాయి. ఒక్కో ముక్క మీద మాయా లిపిలోని ఒక జంతువు గుర్తును నా చేత్తో గీస్తాను. వెనక దాన్ని ఎలా పలకాలో, అర్థమేమిటో తెలుగులో రాస్తాను. రెండు నెలలు తిరిగేసరికి ఏదైనా శాసనం ఫొటో ముందు పెట్టుకుని, అందులోని జంతువుల తలల్ని ఏ పుస్తకమూ తిప్పకుండా పోల్చుకోగలగాలి. ఇదీ పెట్టుకున్న పని.

మాయా ప్రజలది దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్ పడమటి భాగం. వాళ్ల భాషలు 30 దాకా ఇప్పటికీ బతికి ఉన్నాయి, లక్షల మంది ఇళ్లలో మాట్లాడుకుంటున్నారు. లిపి మాత్రం స్పెయిన్ వాళ్ల పాలన వచ్చాక వాడుక తప్పింది. రాళ్ల మీద, కుండల మీద, గోడల మీద, మిగిలిన 4 పుస్తకాల్లో ఇంకా కనిపిస్తుంది. గుర్తులు వందల్లో ఉన్నాయి. జంతువుల తలలతో మొదలుపెట్టడానికి కారణం ఒకటే: పులి బొమ్మ చూస్తే పులి అని తెలిసిపోతుంది కదా, ఇదే సులువు అనుకున్నాను.

సామాను: బటర్ పేపర్, హెచ్‌బీ పెన్సిల్, రబ్బరు, సన్నటి నల్ల పెన్ను, 2వ నంబర్ బ్రష్షు. గీయడానికి మాతృకలు మూడు చోట్ల దొరికాయి. 19వ శతాబ్దం చివర్లో ఆల్‌ఫ్రెడ్ మాడ్‌స్లీ అచ్చువేయించిన సంపుటాల్లోని గీతల బొమ్మలు, హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియం వాళ్ల శాసనాల సంకలనం, డ్రెస్డెన్ గ్రంథాలయం నెట్‌లో పెట్టిన మాయా పుస్తకం స్కాన్లు. మాడ్‌స్లీ సంపుటాల్లో యానీ హంటర్ గీసిన గీతలు చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియలేదు.

పద్ధతి ఇలా పెట్టుకున్నాను. ఒక్కో గుర్తు బటర్ పేపర్ మీద మూడుసార్లు దిద్దాలి, నాలుగోసారి చూడకుండా కార్డు మీద గీయాలి. చూడకుండా గీసేటప్పుడే మనం ఏది సరిగ్గా గమనించలేదో బయటపడుతుంది. సాయంత్రానికి 6 కార్డులు అయ్యాయి: జాగ్వార్ (అక్కడి మచ్చల పులి), పాము, చేప, కప్ప, గబ్బిలం, రాబందు.

అక్క కూతురు ఆదివారాలు మా ఇంటికొస్తుంది. ఏడో తరగతి. కార్డులు వరసగా చూపించాను. జాగ్వార్‌ని చూసి, "కుక్క కదా మావయ్యా?" అంది. పాముని మొసలి అంది. గబ్బిలాన్ని పంది అంది. కప్పని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ముసలాయన" అంది. చేప ఒక్కటి సరిగ్గా చెప్పింది. ఆరింటికి ఒకటి. బొమ్మలు నేను సరిగ్గా గీయలేదేమోనని అసలు ఫొటోలు తీసి చూపించాను. అప్పుడూ అంతే.

జూన్ 11, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చాక గంటన్నర. కొత్త కార్డులు గీయలేదు, ఉచ్చారణ మీద కూర్చున్నాను.

మాయా లిపిలో రెండు రకాల గుర్తులు ఉంటాయి. ఒకటి మాట గుర్తు: జాగ్వార్ తల గీస్తే "బహ్లమ్" అని మొత్తం మాట పలకాలి. రెండోది అక్షరపు గుర్తు: హల్లుతో అచ్చు కలిసిన ఒక్క శబ్దం, బ, ల, మ, కు, చి ఇలా. అక్షరపు గుర్తుల పట్టిక చూస్తే మన గుణింతాల పలక గుర్తొచ్చింది. అడ్డంగా అ, ఎ, ఇ, ఒ, ఉ, నిలువుగా హల్లులు. తెలుగులో చదువుకున్నవాళ్లకి ఈ పట్టిక కొత్తగా ఉండదు. ఇంగ్లీషు అక్షరమాలతో మొదలుపెట్టినవాళ్లే ఇక్కడ తడబడతారేమో.

ఇంకో సంతోషం. మాయా భాషల్లో త, స కలిసి పలికే శబ్దం ఒకటి తరచుగా వస్తుంది. మనం చలి, చాప, చుట్టం అన్నప్పుడు నాలుక ఎక్కడ తగులుతుందో అదే. పాత తెలుగు పుస్తకాల్లో దీనికి వేరే అక్షరమే ఉంది, ౘ. కార్డుల వెనక అదే రాస్తున్నాను. గొంతు బిగించి పటుక్కున పలికే హల్లులకు కార్డు మీద చిన్న గీత పెట్టుకుంటున్నాను, ఈ డైరీలో మాత్రం ఆ గీత వదిలేస్తున్నాను.

మాయా మాటలు చాలావరకు హల్లుతో ముగుస్తాయి. లేఖకుడి దగ్గరేమో అచ్చుతో ముగిసే గుర్తులే ఉన్నాయి. అందుకని చివర ఒక అచ్చు అదనంగా వచ్చేస్తుంది, చదివేటప్పుడు దాన్ని వదిలేయాలి. బ-ల-మ అని రాసి బహ్లమ్ అని చదువుతారు. బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసుకున్నది మనం కూడా చివర్లో అచ్చు కావాలనే. మనం ఆ అచ్చుని పలుకుతాం, వాళ్లు రాసి ఊరుకుంటారు. ఈ పోలిక దొరికాక ఆ నియమం మళ్లీ మర్చిపోలేదు.

ఎరిక్ థాంప్సన్ అనే మాయా పరిశోధకుడు 1962లో ఈ గుర్తులన్నిటికీ నంబర్లు వేసి జాబితా తయారుచేశాడు. ఇప్పటికీ ఆ నంబర్లు వాడతారు. జంతువుల తలలు ఎక్కువగా 700ల్లో ఉన్నాయి. జాగ్వార్ 751, గబ్బిలం 756, పాము 764. కార్డు మూలన ఆ నంబరు కూడా రాస్తున్నాను.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు కార్డులతో ఒక పాత పరిశోధన మళ్లీ చేసి చూశాం, మేనకోడలూ నేనూ. నేల మీద చాప వేసుకుని కూర్చున్నాం.

1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరీ క్నోరొజోవ్ అనే యువకుడు ఒక వ్యాసం రాశాడు. అప్పటికి ఆయన మాయా దేశం చూడలేదు, 1990 దాకా చూడలేదు కూడా. ఆయన దగ్గరున్నవి పుస్తకాల నకళ్లు, 16వ శతాబ్దంలో దియేగో దె లందా అనే స్పెయిన్ మతాధికారి రాసిపెట్టిన "అక్షరమాల", పాత యుకతాన్ మాయా భాష నిఘంటువు. సియామీ పిల్లిని పట్టుకుని ఆయన దిగిన ఫొటో ఒకటుంది, ఆయన గురించి ఎక్కడ చదివినా అదే కనిపిస్తుంది.

మాయా పుస్తకాల్లో బొమ్మ కింద ఉంటుంది, రాత పైన ఉంటుంది. టర్కీ కోడి బొమ్మ పైన రెండు గుర్తులున్నాయి. మొదటిది లందా జాబితాలో "కు". రెండోది తెలియదు. నిఘంటువులో టర్కీ కోడికి "కుౘ్" అనే మాట ఉంది. కాబట్టి రెండో గుర్తు "ౘు" కావాలి, చివరి ఉకారం పలకరు. ఇక్కడి వరకు ఇది ఊహ. అదే ౘు గుర్తు ఇంకోచోట కుక్క బొమ్మ పైన మొదటి గుర్తుగా వచ్చింది. దాని పక్కన లందా "ల్" అని చెప్పిన గుర్తు. దానికీ ఉకారం తగిలించి చేరిస్తే ౘు-లు, ౘుల్. నిఘంటువు తీస్తే ౘుల్ అంటే కుక్క.

ఈ మెట్టు నేను చెప్పలేదు. కార్డులు చాప మీద పెట్టి, నిఘంటువు మాటలు ఒక కాగితం మీద రాసిచ్చి ఊరుకున్నాను. పది నిమిషాలకు ఆ పిల్ల తనంతట తనే కుక్క దగ్గరికి వచ్చి, "ఇదీ అదీ ఒకటే గుర్తు మావయ్యా, ఇక్కడ ముందుంది, అక్కడ వెనకుంది!" అని అరిచింది. 70 ఏళ్ల కిందట క్నోరొజోవ్‌కి ఎలా ఉండుంటుందో నాకు ఆ అరుపులో వినపడింది. థాంప్సన్ అప్పట్లో ఈ రంగంలో అందరికంటే పెద్ద పేరు. ఆయన క్నోరొజోవ్ చెప్పింది తప్పని 1975లో చనిపోయేదాకా అన్నాడు. అయినా టర్కీ కోడీ కుక్కా ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి. ఆ సాక్ష్యం కాదనడానికి వీల్లేదు.

కార్డులు: 14.

జూన్ 22, ఆదివారం

పోయిన వారం దాకా "ఇది ఏ జంతువులా ఉంది?" అని చూస్తున్నాను. అందుకే తప్పులు పోతున్నాయి. గుర్తులో తల మొత్తం ఒకే మూసలో ఉంటుంది: పెద్ద కన్ను, ముందుకు వచ్చిన మూతి, చెవి. లేఖకుడు ఒక్కో జంతువుకు ఒకటో రెండో ఆనవాళ్లు ఇచ్చి వదిలేస్తాడు. ఆ ఆనవాలు పట్టుకోవాలి. ఈ వారమంతా అదే పని చేశాను. కార్డుల మీద ఆనవాలు ఒక్కదాన్నే ఎర్ర ఇంకుతో మళ్లీ దిద్దాను.

జాగ్వార్‌కి గుండ్రటి చెవి, ఒంటి మీద మచ్చలు. కుక్కకి అంచు చిరిగినట్టున్న చెవి. గబ్బిలానికి ముక్కు మీద ఆకు నిలబెట్టినట్టు ఉంటుంది. అక్కడి అడవుల్లో ఆకుముక్కు గబ్బిలాలు నిజంగానే ఉన్నాయి. మకావ్ చిలుకకి కంటి చుట్టూ చుక్కల వలయం. నిజమైన మకావ్‌కి కంటి చుట్టూ ఈకల్లేని తెల్లటి చర్మం ఉంటుంది, ఆ చుక్కలు అదే. కెట్సల్ పిట్టకి తల మీద కుచ్చు. మొసలికి పైకి చుట్టుకున్న మూతి.

మొసలి దగ్గర ఆగాలి. తికాల్ నగరాన్ని 379 నుంచి ఏలిన ఒక రాజును పరిశోధకులు చాలాకాలం "వంకర ముక్కు" అని పిలిచారు. పేరు చదవడం రాక, కనిపించిన ఆకారాన్ని బట్టి పెట్టిన ముద్దుపేరు. చివరికి అది మొసలి మూతి అని తేలింది. మొసలిని ఆ భాషలో "అహీన్" అంటారు. ఆయన పేరు యష్ నూన్ అహీన్. ఎవరో ఒకరు ఆ వంకరని ఆనవాలుగా చూసేదాకా ఆ రాజుకి తన పేరు తిరిగి రాలేదు.

పాము ఇంకా లోతుగా ఉంది. పాముని కొన్ని మాయా భాషల్లో "కన్" అంటారు, కొన్నిట్లో "చన్". శాసనాల్లో ఎక్కువ చోట్ల చన్ అని చదవాలి. ఆ భాషలో ఆకాశమూ చన్, నాలుగూ చన్. అందుకని ఆకాశం రాయాల్సిన చోట లేఖకుడు పాము తల వేసేస్తాడు, నాలుగు అంకెకి గుర్తయిన నాలుగు చుక్కలూ వేస్తాడు. కలక్ముల్ నుంచి ఏలిన పెద్ద వంశం తన చిహ్నంగా పాము తలే పెట్టుకుంది, కానీ దాన్ని కాన్ అని చదవాలి. ఎలా తెలుస్తుంది? పాము తల ముందు "క" అనే చిన్న గుర్తు తగిలిస్తారు. "ఇక్కడ క తో మొదలుపెట్టు" అని చదివేవాడికి చెప్పడం. ఆ చిన్న క గుర్తు నాకు భలే నచ్చింది. వెయ్యేళ్ల కిందట ఎవరో లేఖకుడు, తప్పు చదువుతావేమోనని నా గురించి ఆలోచించి పక్కన పెట్టినట్టు ఉంటుంది.

మళ్లీ పరీక్ష: ఆ పిల్లకి 14కి 9. నాకు 11. కెట్సల్‌నీ రాబందునీ ఇంకా కలిపేస్తున్నాను.

జూన్ 29, ఆదివారం

ఈ రోజు ఒక పొరపాటు నాకు పెద్ద పాఠం అయింది.

ఇప్పటిదాకా విడి గుర్తులు చూశాను, ఇవాళ మొత్తం శాసనం. యాష్చిలాన్ అనే మాయా నగరంలో ఒక ఇంటి గుమ్మం పైరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, 25వ నంబర్ పలక. గుమ్మం దాటేటప్పుడు తలెత్తితే కనిపించేలా కింది వైపు చెక్కారు. రాణి కబల్ షోక్ మోకాళ్ల మీద ఉంటుంది, ఎదురుగా పెద్ద పాము లేస్తుంది, దాని నోట్లోంచి ఆయుధం పట్టిన మనిషి వస్తుంటాడు. షోక్ అంటే సొరచేప, అదీ జంతువు పేరే.

జిరాక్స్ షాపులో పెద్ద ప్రింటు తీయించుకుని వచ్చి చూస్తే తలలన్నీ కుడివైపు చూస్తున్నాయి. మాయా రాతలో తలలు ఎడమవైపు చూడాలి. చదవడం ఎడమ నుంచి కుడికి, రెండేసి గడుల జంటలుగా పైనుంచి కిందికి సాగుతుంది. తలలు చదివేవాడికి ఎదురుగా, వరస మొదటి వైపు చూస్తాయి. ఇది నేర్చుకున్న మొదటి నియమం. కాబట్టి ప్రింటు తిరగబడిందని తేల్చేసుకుని, మళ్లీ వెళ్లి తిప్పించి తెచ్చాను. ఇప్పుడు తలలు ఎడమవైపు ఉన్నాయి, హాయిగా చదవడం మొదలుపెట్టాను.

గంట తర్వాత మ్యూజియం వాళ్ల ఫొటో పక్కన పెట్టి చూస్తే నా ప్రింటులో రాణీ పామూ చోట్లు మారిపోయాయి. మొదటి ప్రింటే సరైనది. ఆ పలక మీది రాతని చెక్కినవాళ్లే అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కారు. కావాలనే. రాణి చూస్తున్న దృశ్యం ఈ లోకానికి అవతలిది, అందుకే ఆ రాత అవతలి వైపు నుంచి చదువుతున్నట్టు ఉంటుందని నాకు అనిపిస్తోంది. నేను దాన్ని "సరిచేసి" వాళ్లు చెప్పదలుచుకున్నదే తీసేశాను.

రెండో ప్రింటు చించలేదు, ఫైల్లో పెట్టుకున్నాను. మొదటి ప్రింటు పట్టుకుని మళ్లీ కుడి నుంచి ఎడమకి చదివాను. రాజు పేరు దగ్గర జాగ్వార్ తల దొరికింది. ఇౘమ్నాహ్ బహ్లమ్. చెవి, మచ్చలు, కింద "మ" గుర్తు, చివర మ్ పలకమని. కార్డు తీయకుండా చదివిన మొదటి మాట అది.

జూలై 6, ఆదివారం

వారం మధ్యలో పనేమీ కాలేదు. ఇవాళ మాత్రం తెల్లారగానే కూర్చున్నాను.

చేప కార్డు. మొదటి రోజు ఆ పిల్ల సరిగ్గా చెప్పింది ఇదొక్కటే. కానీ శాసనాల్లో చేప కనిపిస్తే చాలాసార్లు అది చేప కాదు. "క" అనే శబ్దం. చేపని "కయ్" అంటారు, దాని మొదటి శబ్దం తీసుకున్నారు. అక్షరం చెప్పడానికి మనం పలక మీద అమ్మ, ఆవు బొమ్మలు వేసినట్టే.

కుండల అంచు చుట్టూ ఒక వాక్యం తిరుగుతూ ఉంటుంది, ఈ పాత్ర ఎవరిది, ఇందులో ఏం తాగుతారు అని. అందులో చేప బొమ్మ, దాని తల దగ్గర రెండు చుక్కలు, పక్కన "వ". రెండు చుక్కలంటే ఈ గుర్తుని రెండుసార్లు పలకమని. క-క-వ. కకవ్. కోకో. 1984లో గ్వాటెమాలాలోని రియో అజుల్‌లో ఒక సమాధిలో, మూతని మర బిగించినట్టు తిప్పి బిగించే కుండ దొరికింది. దాని మీద డేవిడ్ స్టువార్ట్ అనే పరిశోధకుడు ఈ మాట చదివాడు. కుండ లోపల అంటుకున్న మడ్డిని హెర్షీ చాక్లెట్ కంపెనీ ప్రయోగశాలలో పరీక్షిస్తే కోకో రసాయనాలు బయటపడ్డాయి. చదివిన మాట నిజమేనని కుండే చెప్పింది! ఇది చెప్పగానే మేనకోడలు, "అయితే చేప బొమ్మ వేస్తే చాక్లెట్ అన్నమాట" అంది. ఆ కార్డు వెనక ఆ మాటే రాసుకుంది.

దీనికి తలకిందులుగా ఉన్నది జింక. 260 రోజుల పంచాంగంలో ఏడో రోజుని మధ్య మెక్సికోలోని అజ్టెక్‌లు జింక అనేవాళ్లు. మాయా రాతలో ఆ రోజు గుర్తు చూస్తే జింక లేదు, చెయ్యి ఉంది, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చిన చెయ్యి. ఆ చెయ్యి శబ్దం "చి". జింకని "చిహ్" అంటారు. బొమ్మలో జంతువు లేకపోయినా శబ్దంలో ఉంది. ఈ చెయ్యిని జంతువుల కార్డుల్లో పెట్టాలా వద్దా అని మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. పెట్టాం.

గబ్బిలం రెండు వైపులా ఉంటుంది. గబ్బిలమే అయినప్పుడు "సూౘ్", ఒక నెల పేరు కూడా అదే. కొపాన్ రాజ్యపు చిహ్నంలోనూ దాని తలే. కానీ వేరే చోట్ల గబ్బిలం తల "ౘి" అనే ఒట్టి శబ్దం. "ౘిబ్" అన్న మాటలో అది వస్తుంది. ౘిబ్ అంటే రాయడం, రంగులతో బొమ్మ వేయడం కూడా. రెండిటికీ ఒకే మాట. పాత తెలుగులో వ్రాయడం కూడా అంతే, చిత్తరువు వ్రాసేవారు. ఇవాళ్టి నుంచి పెన్ను పక్కన పెట్టి బ్రష్షు పట్టుకున్నాను. రాతి మీద చెక్కినా ఆ లేఖకుల గీతల్లో బ్రష్షు ఊపే కనిపిస్తుంది, లావుగా మొదలై సన్నగా తిరుగుతుంది. పెన్నుతో అది రాదు.

కార్డులు: 23.

జూలై 12, శనివారం

తేదీ చూసి కూర్చున్నాను. 1562లో ఇదే రోజున యుకతాన్‌లోని మాని అనే ఊళ్లో లందా మాయా పుస్తకాలను తగలబెట్టించాడు. మాయా ప్రజలు ఎంతో దుఃఖపడ్డారని తనే రాసుకున్నాడు.

తర్వాత అదే లందా ఒక మాయా మనిషిని కూర్చోబెట్టి అక్షరమాల రాయమన్నాడు. లందా స్పానిష్ అక్షరాల పేర్లు చెబుతుంటే, ఆ మనిషి తన చెవికి వినపడిన శబ్దానికి గుర్తు వేశాడు. "హెచ్" రాయమంటే మనూళ్లో పిల్లవాడు హె, చ్ అని రెండు అక్షరాలు రాసినట్టు. లందా దాన్ని అక్షరమాల అనుకున్నాడు. చివర్లో ఏదైనా ఒక వాక్యం రాయమంటే ఆ మనిషి రాసింది "మ ఇన్ కతి". నాకు ఇష్టం లేదు అని అర్థం.

ఆ కాగితం ప్రతి 1862లో మాడ్రిడ్‌లో బయటపడింది. క్నోరొజోవ్ తాళంచెవి అదే. ఇవాళ ఆ వాక్యం ఒక్కటే గీశాను. జంతువులేమీ లేవు అందులో.

జూలై 20, ఆదివారం

ఈ వారమంతా ఒకే కార్డుతో గడిచింది. థాంప్సన్ జాబితాలో 757.

గుండ్రటి మూతి, చెవి, ముందు పళ్లు. మేనకోడలికి చూపిస్తే ఆలోచించకుండా "కుందేలు" అంది. నేనూ ముందు అదే రాశాను. కుందేలు మాయా చిత్రాల్లో ఉంది మరి. ప్రిన్స్‌టన్ మ్యూజియంలో ఉన్న ఒక కుండ మీద సింహాసనం కింద కుందేలు కూర్చుని బ్రష్షుతో పుస్తకం రాస్తూ ఉంటుంది, పుస్తకం అట్టలు జాగ్వార్ చర్మం. వాళ్ల చంద్రదేవత ఒళ్లో కుందేలు ఉంటుంది. మన చందమామలోనూ కుందేలే, శశాంకుడు అనే పేరు అందుకే కదా. కుందేలుని "తుల్" అంటారు.

757 మాత్రం కుందేలు కాదు. గోఫర్ అనే జంతువు. మన దగ్గర లేదు. పందికొక్కులా నేలలో బొరియలు తవ్వుతుంది, బుగ్గల్లో సంచులుంటాయి, వాటిలో గింజలు నింపుకుంటుంది. దాన్ని వాళ్ల భాషలో "బాహ్" అంటారు. ఇంకో "బాహ్" ఉంది: ముఖం, రూపం, తాను. శాసనాల్లో బొమ్మ పక్కన "ఉ బాహ్" అని మొదలవుతుంది, ఇది ఫలానా వారి రూపం అని. స్టీఫెన్ హ్యూస్టన్, డేవిడ్ స్టువార్ట్ దీని మీద వివరంగా రాశారు. రాజు రూపం రాయడానికి బొరియలు తవ్వే జంతువు తల వాడారు, శబ్దం ఒకటే కాబట్టి. ఒకసారి ఇది తెలిశాక ఎక్కడ చూసినా గోఫరే. నిలువు రాళ్లన్నిటి మీదా ఉంది.

కొపాన్‌ని 695 నుంచి 738 దాకా ఏలిన గొప్ప రాజుని చాలా పుస్తకాల్లో "18 కుందేలు" అంటారు. ఆయన పేరులో 18 అంకె, ఈ తల ఉన్నాయి. పరిశోధకులూ మొదట దాన్ని కుందేలే అనుకున్నారు. అసలు పేరు వషక్లహూన్ ఉబాహ్ కవీల్: కవీల్ అనే దేవుడి రూపాలు 18 అని. కొపాన్‌లో ఆయన నిలబెట్టించిన రాళ్ల చెక్కడం మాయా దేశంలోనే అందమైనవాటిలో ఒకటి. అందులో ఒకదాని మీద కాలం లెక్కలు మొత్తం నిలువెత్తు జంతువులుగా, దేవతలుగా చెక్కి ఉంటాయి, ఒక్కొక్కరూ తమ కాలాన్ని మూటలా మోస్తూ. 738లో ఆయన్ని చిన్న రాజ్యమైన కిరిగువా రాజు పట్టుకుని తల నరికించాడు. అంతటివాడిని కుందేలు అని పిలిచారంటే నాకు బాధగా ఉంది. నా కార్డు మీద "కుందేలు" కొట్టేసి "బాహ్" అని పెద్ద అక్షరాల్లో రాశాను.

మొదటి రోజు "ముసలాయన" అనిపించుకున్న కప్ప గురించి కూడా ఇవాళే తేలింది. మామూలుగా ఉన్న కప్ప తల 20 రోజుల నెల. అదే తలని నోరు ఆకాశం వైపు ఉండేలా నిలబెడితే "పుట్టాడు" అని. తతియానా ప్రొస్కురియాకోవ్ అనే పరిశోధకురాలు 1960లో పియెద్రాస్ నెగ్రాస్ అనే మాయా నగరపు శాసనాల్లో తేదీల వరస చూసి, ఈ పైకి చూసే కప్ప ఒక మనిషి జీవితంలో అన్నిటికంటే ముందు వస్తోందని గమనించింది. కాబట్టి పుట్టుక కావాలి అంది. శబ్దం తెలియకుండానే అర్థం పట్టుకుంది. అప్పటిదాకా శాసనాల్లో నక్షత్రాలూ పూజలే ఉన్నాయనుకున్నారు. ఆ తర్వాత రాజులు, రాణులు, పుట్టిన రోజులు, యుద్ధాలు వచ్చాయి. ఒక కప్ప తలని తిప్పి చూసినందువల్ల.

కార్డులు: 31. పరీక్ష: ఆ పిల్లకి 26, నాకు 28.

జూలై 27, ఆదివారం

ఇన్నాళ్లూ కాగితం మీదే గీశాను. చెక్కడం ఎలా ఉంటుందో తెలియాలనిపించింది. కొపాన్ రాయి అగ్నిపర్వతపు బూడిద గట్టిపడింది, లేత ఆకుపచ్చగా ఉంటుంది. అది నాకెక్కడ దొరుకుతుంది? బట్టల సబ్బు బిళ్ల ఒకటి తెచ్చాను, పదునైన చిన్న చాకు, దబ్బనం, పాత టూత్‌బ్రష్షు.

చెక్కడానికి కొపాన్ రాజవంశాన్ని మొదలుపెట్టిన రాజు పేరు ఎంచుకున్నాను. కీనిచ్ యష్ కుక్ మో. 426లో ఆయన వచ్చాడు. కుక్ అంటే కెట్సల్, మో అంటే మకావ్. రెండు పిట్టల్ని పక్కపక్కన రాయొచ్చు, కానీ లేఖకులు చాలాసార్లు ఒకే తలగా కలిపేశారు: కెట్సల్ కుచ్చు తల మీద, మకావ్ చుక్కలు కంటి చుట్టూ. 776లో, వంశంలో 16వ రాజు కాలంలో చెక్కిన రాతి పీఠం మీద 16 మంది రాజులు చుట్టూ కూర్చుని ఉంటారు. మొదటి రాజు 16వ వాడికి అధికారపు కర్ర అందిస్తుంటాడు. ఆ మొదటి రాజు తలపాగాలో ఈ పేరే ఉంది. ఆ పీఠం దగ్గర నేలలో, బలి ఇచ్చిన 15 పెద్ద పిల్లిజాతి జంతువుల ఎముకలు దొరికాయి. ఒక్కో పూర్వికుడికి ఒకటి.

పొద్దున్న పదింటికి మొదలుపెట్టాను. బటర్ పేపర్ మీద బొమ్మ గీసి సబ్బు మీద పెట్టి దబ్బనంతో చుక్కలు పొడిచి దించాను. ముందు చుట్టూ ఉన్న నేల తవ్వాలి, తల పైకి రావాలి. ముక్కు బాగా వచ్చింది. కుచ్చు ఈకలు మూడు వేశాను, బ్రష్షుతో గీసిన ఊపు చాకుతో తేవాలంటే చాకుని తిప్పకూడదు, సబ్బుని తిప్పాలి. ఇది చెయ్యి చెబితే తప్ప తెలియదు. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి తల మొత్తం నిలబడింది.

కంటి చుట్టూ చుక్కలు చివరికి పెట్టుకున్నాను. దబ్బనం మొనతో ఒక్కోటీ చుట్టూ తవ్వుతూ వచ్చాను. ఏడో చుక్క దగ్గర సబ్బు పొర లేచి, కంటి కింది భాగం మొత్తం ఊడొచ్చింది.

మేనకోడలు బిళ్లని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"చుక్కలు పోయాయి మావయ్యా. మో లేదు."

"ఇప్పుడేమని చదవాలి?"

"కుక్ ఒక్కటే. సగం పేరు."

ఏమీ చూడకుండా చదివింది. సబ్బు ఎండిపోయి ఉందని, చెక్కే ముందు తడిగుడ్డలో రాత్రంతా చుట్టిపెడితే పొర లేవదని అక్క వంటింట్లోంచి చెప్పింది. ఇంకో రెండు బిళ్లలు తెచ్చి తడిగుడ్డలో చుట్టి పెట్టాను. ఈసారి చుక్కలు ముందు చెక్కుతాను.